అత్త కంటికి బదులు కారుకి నల్లద్దాలు

ఆ ఆదివారం పొద్దున్న మా ఇంటి వాకిట్లో పడిన మొదటి రక్తం నాదే. బ్లేడు నా బొటనవేలిని కోసిన తీరు చూస్తే, అది ఫ్యాక్టరీలో తయారైంది నన్ను కోయడానికే అని ఎవరైనా ఒప్పుకుంటారు. రక్తం కారు తలుపు మీద నుంచి జారి, టైరు పక్కగా పారి, వీధి కాలువలో కలిసి, చోడవరం బస్టాండు దాకా వెళ్ళిందని నేను చెబుతాను. మా ఆవిడ మాత్రం "రెండు చుక్కలు" అంటుంది. ఆవిడకి యుద్ధాన్ని వర్ణించడం రాదు.

ఆ యుద్ధానికి కారణం మా అత్త.

అత్త అంటే పిల్లనిచ్చిన అత్త మాత్రమే కాదు, మా నాన్నకి సొంత చెల్లెలు. నన్ను ఎత్తుకున్న చేత్తోనే కొట్టి, కొట్టిన చేత్తోనే అన్నం పెట్టి పెంచింది. సొంత ఊరు బుచ్చయ్యపేట దగ్గర. అక్కడి ఎద్దులు ఇప్పటికీ ఆవిడ గొంతు వింటే నాగలి లేకుండానే సాలు తోలేస్తాయి. ఆవిడ కుడి కన్ను చిన్నతనంలోనే, చెరకు తోటలో ఆకు కోసుకుని పోయింది. మిగిలింది ఎడమ కన్ను. ఆ ఒక్క కంటితోనే ఇన్నేళ్ళూ పొలాన్నీ, మొగుణ్ణీ, కూతుర్నీ, నన్నూ అదుపులో పెట్టింది. ఆ కంటికే శుక్లం పట్టింది.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. పంపించేటప్పుడు డాక్టరు గారు మమ్మల్ని పక్కకి పిలిచి, "ఉన్నది ఈ కన్నొకటే. నీళ్ళు పడకూడదు, దుమ్ము పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి కంటి మీదకి వెళ్ళకూడదు. నలిపితే మళ్ళీ నేను చేయగలిగింది ఏమీ ఉండదు" అన్నారు. ఎండలో పెట్టుకోమని నల్ల కళ్ళద్దాలు ఇచ్చారు.

అత్త చోడవరంలో మా ఇంటికి వచ్చి, ఆ కళ్ళద్దాల్ని ఫ్రిజ్ మీదకి విసిరేసింది.

"నానెట్టుకోను. నల్లద్దాలు ఎట్టుకున్నోడు ఎటు సూస్తన్నాడో తెల్దు. మా ఊళ్ళో అలాటోడు ఒక్కడే ఉండీవోడు. ఆడు కోళ్ళ దొంగ."

"ఎండ తగిల్తే కన్ను పోద్దే అమ్మా," అంది మా ఆవిడ.

"నా మొకానికి మసి పూసీ బదులు ఈడి కారుకి పుయ్యండి. నల్లద్దాల కార్లో కూకుంటే నా కంటికి ఎండ తగల్దు గదా. ఏరా, నాను సెప్పింది తప్పా?"

మా అత్త "తప్పా" అని అడిగితే తప్పు అన్న మగవాడు మా వంశంలో ఇంతవరకు పుట్టలేదు. మళ్ళీ చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్ళాల్సిన రోజు ముంచుకొస్తోంది. కారు నల్లబడక తప్పదు.

అందుకని ముందు పద్ధతిగానే అనకాపల్లిలో కారు అద్దాలకి ఫిలిం వేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఊరంతా ఆయన్ని భాయ్ అంటారు. ఇంత మీసం, అంత నోరు. చేతిలో వేడిగాలి చిమ్మే గన్ను ఉంటుంది. దాన్ని మనిషి ఛాతీకి గురిపెట్టి తప్ప మాట్లాడడు.

"ఈ చుట్టుపక్కల నా చెయ్యి పడని బండి ఉందంటే అది ఎడ్లబండే సార్," అన్నాడు.

"అయితే బాగా నల్లది వెయ్యి భాయ్. మా అత్తకి చీకటి కావాలి."

"నల్లది ఎయ్యను. రూలు లేదు. రోడ్డు మీద పోలీసోళ్ళు ఆపి గోకించేస్తారు. లోపలి మనిషి బయటికి కానొచ్చే పల్చటిది ఏస్తాను. ఏడి ఆపుద్ది."

"వేడి కాదు, చీకటి."

"సీకటి కావాలంటే మీ అత్తగారి మీద దుప్పటి కప్పండి సార్. నా కాడికెందుకు?"

దుప్పటి కప్పమన్న మనిషి బతికి బట్టకట్టాలంటే మా అత్త ఆ పక్కన ఉండకూడదు. లేదు కాబట్టి బతికాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "నేనే వేసుకుంటాను. ఫోన్లో వీడియోలున్నాయి" అన్నాను.

భాయ్ గన్ను నా గుండెల మీద నుంచి దించి నవ్వాడు. "ఏస్కోండి. పీకడానికి మాత్రం నా కాడికే వస్తారు. అతికించడం కంటే పీకుడుకే ఎక్కువ తీసుకుంటాను, ముందే సెప్తన్నాను."

ఆ వీడియోలో తెల్ల చొక్కా వేసుకున్నవాడొకడు, ఆవలించినంత సేపట్లో అద్దానికి ఫిలిం వేసేసి, దానిలో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. నాకు జుట్టు లేకపోయినా ధైర్యం వచ్చింది. ఆన్‌లైన్లో అమావాస్యలాంటి ఫిలిం చుట్ట తెప్పించాను. వేడిగాలి గన్నుకి బదులు మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను, నీళ్ళు నెట్టే రబ్బరు పలకకి బదులు అట్లకాడ, స్ప్రేకి బదులు ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా. అందులో షాంపూ కలిపాను. ఆయుధాలన్నీ వాకిట్లో వరసగా పేర్చాను. అత్త వసారా నీడలో కుర్చీ వేయించుకుని, కంటి మీద పచ్చగుడ్డ వేలాడేసుకుని, సేనాపతిలా కూర్చుంది.

మొదటి దెబ్బ బ్లేడు కొట్టింది, చెప్పాను కదా. రెండో దెబ్బ ఫిలిం కొట్టింది. జిగురు మీదుండే పల్చటి పొరని లాగడానికి ఒక కొస నేను, ఒక కొస మా ఆవిడ పట్టుకున్నాం. ఆ పొర మా పెళ్ళిలో మా ఇద్దరి మధ్య పట్టిన తెరసెల్లా కంటే పొడుగుంది. లాగితే ఫిలిం గాల్లోకి లేచి, పాము పడగ విప్పినట్టు విప్పి, చొక్కా లేని నా ఛాతీకి కరుచుకుంది.

"కదలకు బావా, నాను పీకుతాను," అంది మా ఆవిడ.

"నెమ్మదిగా..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆవిడ ఒక్క లాగు లాగింది. ఛాతీ మీద వెంట్రుకలు అడవి నరికినట్టు ఫిలింతో పాటు పోయాయి. నేను వేసిన కేకకి కొబ్బరిచెట్టు మీద కాకులు లేచి రోలుగుంట వైపు వెళ్ళిపోయాయి, ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ ముక్క మీద నా వెంట్రుకలు ఉన్నాయని పారేస్తామా? వెనక ఎడమ అద్దానికి వేశాం. ఇంతకంటే స్వహస్తాలతో పని చేసినవాడు ఎవడున్నాడు?

అద్దం మీద పడ్డాక అసలు పోరు మొదలైంది. బుడగలు లేచాయి. పూరీల్లా పొంగాయి. నేను అట్లకాడతో ఒకదాని పీక నొక్కితే పక్కన రెండు తల ఎత్తేవి. మా ఆవిడ జడపిన్ను తీసి పొడవడం మొదలుపెట్టింది. పొడుస్తూ, "బావా, కారుకి అమ్మవారు పోసినట్టుంది" అంటోంది. పొడిచిన ప్రతి బుడగా కక్కిన షాంపూ నీళ్ళు నా కళ్ళల్లోనే పడ్డాయి. మధ్యాహ్నానికి నేను గుడ్డివాణ్ణి, బొటనవేలు లేనివాణ్ణి, ఛాతీ గొరిగినవాణ్ణి. ఐనా అద్దాలు నల్లబడ్డాయి. ఒక్కటే లోపం. అంచులు నిలవడం లేదు. మిషను గాలికి ఫిలిం ముడుచుకుంటోంది తప్ప వంగడం లేదు. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచి నా చెంప మీద కొడుతోంది.

"ఏదైనా జిగురు రాయాలి," అన్నాను.

నీడలోంచి సేనాపతి మాట్లాడింది. "బెల్లం రాయండ్రా."

మేమిద్దరం చేతులాపేశాం.

"మా నాన్న కట్టించిన ఇల్లు మర్సిపోనావా? సున్నంలో బెల్లం, కరక్కాయ ఏసి గానుగాడించేరు. గోడకి ఇప్పుటికీ మేకు దిగదు. బెల్లం పట్టుకుంతే ఒదల్దు."

నిజమే. ఆ గోడలోకి మేకు కొట్టబోయి నేను చిన్నప్పుడు మూడు వేళ్ళు చితక్కొట్టుకున్నాను. గోడకి గీత పడలేదు. మా తాత గోడని పట్టిన బెల్లం ప్లాస్టిక్ కాగితాన్ని పట్టదా? ఇంత చిన్న విషయం ఆ తెల్లచొక్కావాడికి తట్టలేదంటే వాడు మా వైపు పుట్టకపోవడమే కారణం. కొత్త బెల్లం దిమ్మ ఒకటి చితక్కొట్టి, చేతికి తీగ సాగేలా పాకం పట్టి, పెయింటు బ్రష్షుతో అద్దాల చుట్టూ పూశాను. ఫిలిం అంచులు ఒక్కసారి తల వంచాయి. నొక్కిన చోట నొక్కినట్టే ఉండిపోయాయి. సాయంత్రం అత్త వెళ్ళి కారులో కూర్చుని, తలుపులన్నీ మూయించి, లోపల్నుంచి తీర్పు చెప్పింది.

"అబ్బ. బావిలో కూకున్నట్టుంది. అనకాపల్లోడు ఏస్తే ఇలాగుండునా?"

ఆ రాత్రి నేను నిద్రపోయాను. చోడవరం చీమలు నిద్రపోలేదు.

మిగతా ఊళ్ళ చీమలు వేరు, మా ఊరి చీమలు వేరు. చెరకు బళ్ళ వెనకాల నడిచి పెరిగిన జాతి. పంచదారని చూసి మొహం తిప్పుకుంటాయి, కొత్త బెల్లమైతే కులగోత్రాలతో సహా తరలి వస్తాయి. తలుపు సందుల్లోంచి దూరి, ఫిలింకీ అద్దానికీ మధ్య పాకంలో సొరంగాలు తవ్వుకుని, పిల్లా జెల్లాతో కాపురం పెట్టేశాయి. తెల్లారి మేం కారెక్కినప్పుడు ఒక్క చీమా కనపడలేదు. కనపడకూడదనే కదా అంత నల్లటి ఫిలిం వేసింది.

ముందు నేను, వెనక తల్లీ కూతుళ్ళు. కంటి మీద పచ్చగుడ్డ తీసేసి అత్త దర్జాగా కూర్చుంది. అనకాపల్లి రోడ్డెక్కేసరికి ఎండ ముదిరింది. అద్దం వేడెక్కింది. వేడెక్కిన బెల్లం ఏం చేస్తుందో మా అత్తకి తెలుసు, నాకు తెలుసు. గోడకి ఎండ తగిలినా లోపల సున్నం ఉందనీ, ఇక్కడ సున్నం లేదనీ ఇద్దరికీ అప్పటిదాకా తట్టలేదు. పాకం కరిగింది. వెనక ఎడమ అద్దం మీది ఫిలిం, నా ఛాతీ వెంట్రుకలతో సహా, ముడి ఊడిన పంచెలా కిందికి జారడం మొదలుపెట్టింది. కాపురం కూలిపోయిన చీమలన్నీ అత్త భుజం మీద పడ్డాయి.

"ఒసే, నా మెడ మీద ఏదో పాకతంది."

"సీమే అమ్మా. ఒక్కటే."

"ఒక్కటేటే, ఊరంతా వస్తంది! ఓలమ్మో! కుట్టేసినాది!"

ముందు అద్దంలో చూశాను. ఎర్రచీమలు. దండుకట్టి అత్త మెడ ఎక్కి, చెవి చుట్టూ తిరిగి, చెంప మీదుగా కంటి వైపు కదులుతున్నాయి. అత్త చెయ్యి లేచింది. కంటి మీదకే లేచింది. డాక్టరు గారి మాట నా చెవిలో గంట కొట్టినట్టు మోగింది. మా ఆవిడకీ మోగినట్టుంది. తల్లి రెండు చేతులూ దొరకబుచ్చుకుని సీటుకేసి అదిమేసింది.

"కన్ను నలపకమ్మా! పోద్ది!"

"ఒదలవే! రెప్ప మీదకి పోతంది! ఒదలవే గుంటా, సంపేస్తాను!"

"బావా, కారాపు! వచ్చి కొట్టు!"

ముందు చెరకు ట్రాక్టరు, పక్కన టీ కొట్టు. మధ్యలో కారు ఆపి, సీట్ల మధ్యనుంచి వెనక్కి దూకాను. "ఎక్కడ కొట్టను?"

"బుగ్గ మీద! అదుగో, ఎక్కుతంది! కొట్టు!"

కొట్టాను. జీవితమంతా ఏ చెయ్యి నన్ను కొట్టిందో ఆ చెయ్యిగల మనిషి చెంప మీద ఎడాపెడా కొట్టాను. ఆనందం కలిగిందా అని కొందరు అడిగారు. చీమ చచ్చినందుకు కలిగింది. అత్త బూతులు తిడుతూ కాళ్ళతో నా డొక్కలో తంతోంది. మా ఆవిడ చేతులు వదలకుండా తల్లి భుజం మీది చీమల్ని తలతో పొడుస్తోంది. చీమలు ముగ్గుర్నీ సమానంగా కుడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఆ ఎడమ అద్దం మీది ఫిలిం పూర్తిగా జారి పడిపోయింది.

టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి ఏం కనపడిందో మీరే ఊహించుకోండి. నల్లద్దాల కారు. లోపల ఒక ఆడది ముసలామె చేతులు విరిచి పట్టుకుంది. ఒక బట్టతలవాడు ఆ ముసలామె చెంపలు వాయిస్తున్నాడు.

"ఒరే! ముసిల్దాన్ని సంపేస్తన్నార్రా!"

తలుపు ఎవరు తీశారో తెలియదు. నేను గాల్లో ఉన్నాను. తరవాత రోడ్డు మీద ఉన్నాను. ట్రాక్టరు డ్రైవరు, ఆజానుబాహుడు, లోడులోంచి చెరకు గడ ఒకటి లాగాడు.

"ఎవుడ్రా నువ్వు? మెడలో గొలుసు కోసమా?"

"నేను అల్లుణ్ణి బాబూ!"

"అల్లుడివా? ఓరి దుర్మార్గుడా! ఇంకో నాలుగెయ్యండ్రా!"

చెరకు గడతో దెబ్బ తిననివాళ్ళకి చెబుతున్నాను. కర్ర విరిగితే ఊరుకుంటుంది. చెరకు విరిగితే రసం కారుతుంది. నా వీపు మీద విరిగిన ప్రతి గడా నన్ను తీపి చేసింది. కారులో మిగిలిన చీమలు ఆ వాసన పట్టి, రోడ్డు దాటి, నా మీదకి వచ్చాయి. పైనుంచి మనుషులు, కిందనుంచి చీమలు. లోడు మొత్తం నా వీపు మీదే ఖాళీ అయిందని నా నమ్మకం.

"ఆపండ్రా!"

అత్త దిగింది. కన్ను గట్టిగా మూసుకుంది. చేతులు ఇంకా కూతురి పిడికిట్లోనే ఉన్నాయి. చెంపలు మందార పువ్వుల్లా వాచాయి. ఆ గొంతుకి చెరకు గడలు గాల్లో ఆగిపోయాయి.

"ఆడు నా మేనల్లుడు. సీమల్ని కొడతన్నాడు, నన్ను కాదు. ఆడ్ని కొట్టాలంటే నాను కొట్టాల. మద్దిలో మీరెవుర్రా?"

డ్రైవరు ఇంకా నమ్మలేదు. అంతలో చీమలు అతని పంట్లాంలోకి వెళ్ళాయి. రోడ్డు మధ్యలో గెంతుతూ పూర్తిగా నమ్మాడు.

అప్పుడే అత్త గొంతు మారింది. "ఒసే... ఎండ గుచ్చుతంది. కన్ను ఇప్పలేకపోతన్నాను. రెప్ప మండతంది."

ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడగా నేను పుట్టి ఎరగను. మా ఆవిడ తడి కొంగు కొసతో రెప్ప మీద ఇంకా కరుచుకుని ఉన్న చీమని తీసింది. రెప్ప ఉబ్బిపోయింది. కింద కన్ను ఎలా ఉందో ఎవరికీ తెలియదు. డాక్టరు గారిచ్చిన అద్దాలు ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నాయి. నా వీపు నొప్పి ఆ క్షణంలో పోయింది.

ట్రాక్టరు డ్రైవరు చొక్కాకి తగిలించుకున్న బంగారు రంగు ఫ్రేము నల్లద్దాలు తీసి చాపాడు. "ఎట్టుకో అమ్మా. ఎండలో నిలబడకు."

మా ఆవిడ వాటిని సీసాలో నీళ్ళతో కడిగి, తుడిచి, తల్లి మొహానికి పెట్టింది. అత్త కోళ్ళ దొంగ మాట ఎత్తలేదు.

నా కారులో ఇంక చీమలు తప్ప ఎవరూ ఎక్కే స్థితి లేదు. తల్లీ కూతుళ్ళని అదే డ్రైవరు విశాఖపట్నం బస్సు ఆపి ఎక్కించాడు. నేను ఒంటరిగా, కుట్టించుకుంటూ, గోక్కుంటూ, అనకాపల్లి చేరాను.

భాయ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలు పెట్టి అంచు రాసి, నాకి చూశాడు.

"సైకిల్ ట్యూబు సొల్యూషన్ అంటించినోళ్ళని సూసేను. అన్నం మెతుకులు అంటించినోణ్ణి సూసేను. బెల్లం ఇదే మొదలు సార్. పాకం బాగా కుదిరింది."

గన్ను ఎక్కుపెట్టి వేడిగాలి కొట్టాడు. బెల్లం కాలిన వాసన బజారంతా నిండింది. అనకాపల్లి బెల్లం ఊరు కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. భాయ్ ఫిలింని గోళ్ళతో పట్టి, చర్మం ఒలిచినట్టు ఒలిచాడు. చీమలు ఆయన్నీ వదల్లేదు. తిడుతూ, గెంతుతూ, బ్లేడుతో గీకుతూ ఉండగా బ్లేడు జారింది. ఆయన బొటనవేలు తెగింది. పని నేర్చినవాడి రక్తం కూడా ఎర్రగానే ఉంది. నాకంటే తక్కువ కారింది, అది వేరే సంగతి.

నేను ఆ పని చూడటం లేదు. చేతిలో ఫోను చూస్తున్నాను. ఎన్నిసార్లు చేసినా మా ఆవిడ ఎత్తడం లేదు. ఆ ఒక్క కన్నూ పోతే? ఆవిడ నన్ను చూడకుండా ఎలా తిడుతుంది? తిట్టేటప్పుడు ఆ కన్ను ఎర్రబడేది. అది చూసే నేను అబద్ధమాడాలో పారిపోవాలో తేల్చుకునేవాణ్ణి. నా బుద్ధంతా ఆ కంటి చుట్టూనే పెరిగింది. భాయ్ నా మొహం చూసి గన్ను ఆపాడు. కోసుకున్న వేలు నోట్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"బావా..." వెనక ఏవో హారన్లు. "ఇనబడతందా?"

"చెప్పు!"

"కన్ను బాగుందంట. రెప్ప మీదే కుట్టింది, లోపల ఏటీ కాలేదంట. సుక్కల మందు రాసేరు. నలపనీకుండా పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది అన్నారు. అమ్మకి అన్నీ కానొస్తన్నాయి. డాక్టరు గారి సొక్కా గుండీ ఊడిపోతందని సెప్పీసింది."

నేను ఏడ్చానని భాయ్ ఊరంతా చెప్పుకుంటాడు. చీమ కుట్టింది.

ఫోను చేతులు మారింది. "ఒరే. పీకించీసినావా?"

"పీకిస్తున్నాను అత్తా. పల్చటిది వేయించమంటావా?"

"ఏటీ ఎయ్యొద్దు. ఇన్నాళ్ళకి కానొస్తంది. రోడ్డు సూసుకుంటా రావాల నాను."

సాయంత్రం అనకాపల్లి బస్టాండులో వాళ్ళని ఎక్కించుకున్నాను. కారు అద్దాలు బోసిగా ఉన్నాయి. అత్త మొహం మీద ట్రాక్టరు డ్రైవరు బంగారు ఫ్రేము. చేతిలో మూరెడు చెరకు ముక్క. నా వీపు మీద విరిగిన వాటిలో ఒకటి ఏరి, పొద్దుటి నుంచీ దాచుకుందట. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, ఎవరి తోట నరికారో, ఎవరి మడి ఎండిందో, ఎవరింటికి కొత్త రంగు వేశారో చెబుతూనే ఉంది. ఇంత దూరం నుంచి ఇంత చిన్నది ఎలా కనపడుతోందా అని, నేను ముందు అద్దంలో ఆవిడ కన్ను వెతికాను. నల్లగా ఉంది. నా వైపు చూస్తోందో, పొలం వైపు చూస్తోందో తెలియదు.

"ఎంత గట్టిగా కొట్టేవురా నా బుగ్గ మీద," అంది పొలం వైపు తిరిగి.

"చీమని కొట్టానత్తా," అన్నాను, స్టీరింగు మీదకి వంగి.

చెరకు ముక్క సరిగ్గా నా నడినెత్తి మీద పడింది.